మున్సిపల్ మీటింగు కూడా ఆరోగ్య విషయమే



ఈ సంచికలో షుగరు గురించో, బీపీ గురించో, పిల్లల టీకాల గురించో రాస్తామని మీరు అనుకొని ఉంటారు. వాటి గురించి మళ్లీ రాస్తాము. ఈసారి మున్సిపల్ కౌన్సిల్ సమావేశాల గురించి నాలుగు మాటలు చెప్పదలచుకున్నాము. ఆసుపత్రి పత్రికకు మున్సిపాలిటీతో పనేమిటని మా సిబ్బందిలోనే కొందరు అడిగారు. "అది రాజకీయాల సంగతి, మనకెందుకండి?" అన్నారు. ఆ మాటను మేము తీసిపారేయలేదు. ఆసుపత్రి తలుపు అన్ని పార్టీల వారికీ తెరిచే ఉండాలి. అందుచేత ఏ చైర్మన్ మంచివాడు, ఏ పార్టీ గొప్పది అన్న మాట ఇక్కడ ఒక్కటి కూడా ఉండదు. కాని వార్డులో మంచం మీద పడుకున్న మనిషి ఆ మంచం మీదకి ఎలా వచ్చాడో చెప్పుకోవాలంటే, మున్సిపాలిటీ గుమ్మం దాటకుండా కుదరడం లేదు.

పోయిన వర్షాకాలంలో మన ప్రాంతంలోని ఒక పట్టణం నుండి రెండేళ్ల బాబును తీసుకొచ్చారు. ఆ పట్టణం పేరు చెప్పము. ఎవరినీ వేలెత్తి చూపడం మా ఉద్దేశం కాదు. బాబుకు నీళ్ల విరేచనాలు. కళ్లు లోపలికి పోయాయి, ఏడుస్తుంటే కన్నీరు రావడం లేదు. సెలైన్ పెట్టాము, ఓఆర్ఎస్ పట్టించాము. మూడో రోజుకి నవ్వుతూ ఇంటికి వెళ్లాడు. పదిహేను రోజులకి అదే బాబు, అదే జబ్బుతో వచ్చాడు. ఇంకో నెలకి మూడోసారి వచ్చాడు. అప్పుడు డ్యూటీలో ఉన్న సిస్టరుగారు తల్లిని కూర్చోబెట్టి అడిగారు.

"ఏమ్మా, నీళ్లు కాచి పట్టమన్నాము కదా, పడుతున్నావా?"

"ఆయ్, కాచే పడుతున్నానండి. ఒట్టండి."

"మరి గిన్నె, గ్లాసు ఏ నీళ్లతో కడుగుతున్నావు?"

"కుళాయి నీళ్లేనండి. ఇంకేం ఉన్నాయండి మాకు?"

ఆ తర్వాత మేము ఓపీ రిజిస్టరు వెనక్కి తిప్పి చూశాము. అదే వీధి నుండి ఆ రెండు నెలల్లో మరికొందరు వచ్చి ఉన్నారు. వేరే వేరే రోజుల్లో, వేరే వేరే డాక్టర్ల దగ్గరకి వచ్చారు కనుక ఎవరికీ తట్టలేదు. మా ఆరోగ్య కార్యకర్త వెళ్లి చూస్తే, కుళాయి గొట్టం మురుగు కాలువలో నుండి పోతోంది. అతుకు దగ్గర సైకిలు ట్యూబు చుట్టి కట్టారు. మరమ్మతుకు అంచనా వేశారట, అది కౌన్సిల్ ముందుకు వెళ్లిందట. ఒకసారి కోరం లేక, ఒకసారి గొడవ జరిగి సమావేశం వాయిదా పడిందట. చివరికి గొట్టం మార్చారు. బాబు మళ్లీ రాలేదు. ఆ తల్లి చెవి దిద్దులు మూడోసారికి తాకట్టుకి వెళ్లాయని తర్వాత తెలిసింది. అదే వీధిలోని ఒక పెద్దావిడ మాత్రం దక్కలేదు.

మేము మూడుసార్లు మందు రాశాము. మందు తప్పు కాదు. కాని ఆ జబ్బుకు అసలు మందు ఒక అజెండా కాగితంలో, ఏదో ఒక నంబరు కింద, రెండు నెలలు కదలకుండా ఉండిపోయింది.

అసలు ఈ కౌన్సిల్ ఏమి చేస్తుందో మనలో చాలామందికి తెలియదు. ఓటు వేసిన రోజు తెలుస్తుంది, పన్ను నోటీసు వచ్చిన రోజు తెలుస్తుంది. మన అమలాపురమే చూడండి. 2011 జనాభా లెక్కల ప్రకారం పట్టణ జనాభా 53,231. పాలకవర్గం ఎన్నిక 30 వార్డులకు. 2022 ఏప్రిల్‌లో కోనసీమ జిల్లా ఏర్పడి అమలాపురం జిల్లా కేంద్రమైన తరువాత కలెక్టరేటుకు వచ్చేవారు, కోర్టుకు వచ్చేవారు, ఆసుపత్రులకు వచ్చేవారు అదనం. పగటి పూట గడియార స్తంభం దగ్గరా, ఎర్రవంతెన దగ్గరా నిలబడితే ఆ సంగతి చెప్పనక్కరలేదు. వీళ్లందరూ తాగే నీరు, వదిలే మురుగు, పారేసే చెత్త, అన్నిటికీ లెక్క చూడవలసింది ఆ కౌన్సిలే. 1965 నాటి మున్సిపాలిటీల చట్టం కింద కౌన్సిల్ నెలకొకసారైనా కూర్చోవాలి. 1993 జూన్‌లో అమలులోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ పట్టణ సంస్థలకు అప్పగించదగిన పనులు 18 అని జాబితా ఇచ్చింది. మంచినీరు, పారిశుద్ధ్యం, జనన మరణాల నమోదు, శ్మశానాలు, కబేళాలు, వీధి దీపాలు అందులోనివే. ఆ జాబితాను ఒక డాక్టరు చేతికిస్తే ఇది ఆరోగ్యశాఖ కాగితమే అనుకుంటాడు.

ఈ వ్యాసం రాయడానికి కొన్ని పాత అజెండా ప్రతులు సంపాదించి చదివాము. చదవడానికి ఓపిక కావాలి. ప్రతి అంశం చివర "కౌన్సిల్ వారి ఆమోదం నిమిత్తం" అనో, "పరిశీలించి తీర్మానించుటకు" అనో ఉంటుంది. పటిక కొనుగోలు, మోటారు రీవైండింగు, ట్రాక్టరు టైర్లు, కాలువ పూడికతీత, మార్కెట్టు ఆశీళ్ల వేలం, ఔట్‌సోర్సింగు కార్మికుల గడువు పొడిగింపు, ఇలా ఒకదాని వెనుక ఒకటి. మరుసటి రోజు పేపర్లో మాత్రం ఎవరు ఎవరిని ఏమన్నారు, ఎవరు పోడియం ముందు బైఠాయించారు, ఎవరు వాకౌట్ చేశారు అనే వస్తుంది. మిగతా అంశాలన్నీ "ఏకగ్రీవంగా ఆమోదించారు" అన్న ఒక్క వాక్యంలో ముగిసిపోతాయి. మా దృష్టిలో ఆ ఒక్క వాక్యంలోనే మన ఆరోగ్యం ఉంది.

అందులో రెండు మాటలు పాఠకులు గుర్తుపట్టాలి. ఒకటి ముందస్తు అనుమతి. అత్యవసరమని పని ముందు చేయించేసి, తరువాత కౌన్సిల్ చేత ఔననిపించుకోవడం. గొట్టం పగిలితే నెల చివరి మీటింగు దాకా ఆగలేము కదా, కాబట్టి ఇది ఉండవలసిన సౌకర్యమే. రెండోది టేబుల్ అజెండా. సభ్యులకు ముందుగా పంపిన కాగితంలో లేని అంశాన్ని సమావేశం రోజున బల్ల మీద పెట్టడం. ఇదీ ఒక్కోసారి తప్పదు. కాని అన్నీ బల్ల మీదకే వస్తుంటే చదివి అడిగే వ్యవధి ఎవరికీ ఉండదు. బ్లీచింగ్ పౌడర్ ఎంత కొన్నారు, ఎక్కడ నిల్వ ఉంచారు అని అడిగే కౌన్సిలర్ ఉన్నా ఆమె నోరు తెరిచేలోగా తరువాతి అంశం వచ్చేస్తుంది.

బ్లీచింగ్ పౌడర్ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. మంచి పౌడర్‌లో సుమారు మూడో వంతు క్లోరిన్ ఉంటుంది. సంచి మూతి విప్పి, తడి తగిలే చోట ఉంచితే ఆ బలం వారాల్లో పడిపోతుంది. చూడటానికి తెల్లగానే ఉంటుంది, వాసనా కొద్దిగా ఉంటుంది, పని మాత్రం చేయదు. మన కోనసీమ గాలిలో తేమ సంగతి మీకు తెలుసు. గోడకు కొట్టిన సున్నమే నిలవదు. కాబట్టి ఎన్ని బస్తాలు కొన్నారనేది సగం ప్రశ్న మాత్రమే. చివరి కుళాయి దగ్గర నీటిలో క్లోరిన్ ఎంత మిగిలింది అనేది అసలు ప్రశ్న. లీటరుకు 0.2 మిల్లీగ్రాములైనా మిగలాలని భారత ప్రమాణాల సంస్థ చెబుతోంది. క్లోరోస్కోపు అనే చిన్న పెట్టె ఉంటుంది. గొట్టంలో కుళాయి నీళ్లు పోసి చుక్క మందు వేస్తే రంగు తేలుతుంది. రెండు నిమిషాల పని. ఫిల్టర్ హౌసు దగ్గర చేస్తే చాలదు, గొట్టం చివరనున్న ఇంట్లో చేయాలి.

మన నీటికి ఇంకో చిక్కు ఉంది. మధ్య డెల్టాకు నీరు బొబ్బర్లంక నుండి కాలువల మీద వస్తుంది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన నాటి నుండి ఈ కాలువలే మనకు పొలం నీరు, ఇవే తాగునీరు. వేసవిలో మరమ్మతుల కోసం కాలువలు కట్టేస్తారు. అప్పుడు చెరువుల్లో నిల్వ చేసిన నీరే గతి. ఆ నీరు అడుగంటే కొద్దీ పాచి, మడ్డి పెరుగుతాయి. జూన్‌లో కాలువలు వదిలిన తరువాత వచ్చే కొత్తనీరు ఎర్రగా, బురదగా ఉంటుంది. ఆ బురద క్లోరిన్‌ను తినేస్తుంది. పటిక వేసి తేర్చకుండా ఎంత బ్లీచింగ్ కలిపినా లాభం తక్కువ. అందుకే పటిక టెండరు మేలో ఖరారు కావాలి. ఆగస్టులో ఖరారైతే ఆ మధ్య కాలమంతా మా వార్డు నిండి ఉంటుంది. ఇది మాకు ప్రతి ఏడాదీ అనుభవమే.

ఇందులో మన తప్పు కూడా ఉంది, దాచుకోకూడదు. నీరు వదిలిన గంటలో కుళాయికి మోటారు బిగించి లాగేవాళ్లు మన సంఘ కుటుంబాల్లోనూ ఉన్నారు. మోటారు లాగినప్పుడు గొట్టంలో ఒత్తిడి పడిపోతుంది. ఎక్కడ చిల్లు ఉంటే అక్కడ నుండి పక్కనున్న మురుగు లోపలికి వస్తుంది. మీ తొట్టి నిండుతుంది, చివరింటి వాళ్ల పిల్లవాడికి విరేచనాలు పట్టుకుంటాయి. మీకు ఆ సంగతి తెలియను కూడా తెలియదు.

స్థానిక సభల్లో డాక్టర్లు నోరు విప్పడం కొత్త కాదు. 1854లో లండన్ నగరంలో బ్రాడ్ స్ట్రీట్ దగ్గర కలరా వచ్చి 600 మందికి పైగా చనిపోయారు. జాన్ స్నో అనే డాక్టరు చనిపోయినవారి ఇళ్లను ఒక్కొక్కటిగా గుర్తించి, ఎక్కువమంది ఒకే చేతిపంపు నీళ్లు తాగినవారని కనుగొన్నారు. ఆయన ఆ సంగతిని పెద్ద ప్రభుత్వానికి కాదు, ఆ పేట బాగోగులు చూసే స్థానిక బోర్డు సమావేశానికి వెళ్లి చెప్పారు. సెప్టెంబరు 7న చెబితే 8న పంపు పిడి తీయించేశారు. అప్పటికే కలరా తగ్గుముఖం పట్టిందన్నది నిజమే, ఆయనే ఆ మాట రాసుకున్నారు. బోర్డు సభ్యులకు ఆయన సిద్ధాంతం మీద నమ్మకం కూడా పెద్దగా లేదు. అయినా విన్నారు, ఒక రోజులో నిర్ణయం తీసుకున్నారు. మాకు ఈ కథలో నచ్చేది అదే. బోర్డు సభ్యులు వైద్యశాస్త్రం చదవలేదు. డాక్టరు లెక్కతో సహా వచ్చి అడిగాడు, వాళ్లు ఆలస్యం చేయలేదు.

మన రాష్ట్రంలో ఈ సంగతి ఎంత ఖరీదైనదో 2018 మార్చిలో గుంటూరు పాతబస్తీలో చూశాము. తాగునీటిలో మురుగు కలిసి, ఆనందపేట మొదలైన చోట్ల అతిసారం ప్రబలింది. ఆసుపత్రి నిండిపోయింది, ప్రాణాలు పోయాయి. 2009 మేలో హైదరాబాదు భోలక్‌పూర్‌లోనూ ఇదే జరిగింది. 2024 అక్టోబరులో విజయనగరం జిల్లా గుర్లలో, అది పట్టణం కూడా కాదు, అక్కడా అతిసారంతో మరణాలు సంభవించాయి. ప్రతిసారీ మంత్రులు వచ్చారు, ట్యాంకర్లు వచ్చాయి, గొట్టాలు మార్చారు. ఆ గొట్టాలు ముందు ఏడాదే మార్చి ఉంటే అది పేపర్లో వార్త అయ్యేది కాదు. ఏ అజెండాలోనో ఒక మామూలు అంశంగా పోయేది.

ఇక దోమలు. కోనసీమలో బోదకాలు జబ్బు ఎంత పాతదో మీ ఇళ్లలో పెద్దవాళ్లను అడిగితే చెబుతారు. బోదకాలు వ్యాపింపజేసే క్యూలెక్స్ దోమ మురుగు నీటిలో పెరుగుతుంది, రాత్రి కుడుతుంది. డెంగ్యూ, చికున్‌గున్యా తెచ్చే దోమ మంచి నీటిలో పెరుగుతుంది, పగలు కుడుతుంది. 2006లో చికున్‌గున్యా వచ్చి ఇంటిల్లిపాదీ మంచాలెక్కిన రోజులు మీలో చాలామందికి గుర్తుండే ఉంటాయి. ఈ తేడా ఎందుకు చెబుతున్నామంటే, రెండింటి బాధ్యతా ఒకరిదే కాదు. పూలకుండీ కింద పళ్లెం, పాత టైరు, కొబ్బరి చిప్ప, మూత లేని తొట్టి మనవి. వాటిని ఏ కౌన్సిలూ వచ్చి బోర్లించదు. కాలువలో మురుగు కౌన్సిల్‌ది. దాన్ని మనం బోర్లించలేము.

పొగ మిషన్ గురించి మా అభిప్రాయం కొందరికి నచ్చకపోవచ్చు. పొగ పెట్టించండి అని ప్రజలు అడుగుతారు, పెట్టిస్తే ఫొటో కూడా బాగా వస్తుంది. పొగ ఆ సాయంత్రం ఎగురుతున్న దోమలను చంపుతుంది. కాలువలో పురుగుగా ఉన్నవి మరుసటి వారం రెక్కలతో వస్తాయి. డెంగ్యూ కేసు వచ్చిన ఇంటి చుట్టూ వెంటనే పొగ పెట్టడం అవసరమే. కాని ఏడాది పొడవునా పని చేసేది పూడికతీత, మురుగు పారుదల, లార్వా మందు. పూడిక తీసి గట్టు మీదే కుప్పగా వదిలేస్తే మొదటి వానకే తిరిగి కాలువలోకి జారిపోతుంది. ఇది ఏ ఇంజనీరూ చెప్పనక్కరలేదు, వీధిలో పిల్లలకు కూడా తెలుసు. అంచనాలో పూడిక తీయడానికే కాక ఎత్తి తీసుకువెళ్లడానికి కూడా సొమ్ము పెట్టారా అని అడగాలి. తీసుకువెళ్లి ఎక్కడ పోయాలన్నది ఇంకా కష్టమైన ప్రశ్న. మన దగ్గర సెంటు భూమి కూడా కొబ్బరికో, వరికో, ఇంటికో పనికి వచ్చేదే. డంపింగు యార్డు మా ఊళ్లో వద్దంటే మా ఊళ్లో వద్దంటారు. వాళ్లను తప్పుపట్టలేము. దీనికి మా దగ్గర సమాధానం లేదు. ఇంట్లోనే తడి చెత్త, పొడి చెత్త వేరు చేస్తే పోయవలసింది తగ్గుతుందన్న మాట మాత్రం నిజం.

ఆ పూడిక తీసే మనుషుల గురించి ఒక మాట. 2023 డిసెంబరు చివరి నుండి 2024 జనవరి మొదటి దాకా రాష్ట్రమంతటా మున్సిపల్ పారిశుద్ధ్య కార్మికులు సమ్మె చేశారు. చెత్త కుప్పలు చూసి మనమంతా ముక్కు మూసుకున్నాము. వారు మన ఓపీకి వచ్చినప్పుడు మేము చూసేవి పాదాల పుళ్లు, గోళ్లు కుళ్లిపోవడం, దగ్గు, ఎలుకల మూత్రం కలిసిన నీటి వలన వచ్చే జ్వరం. చేతి తొడుగులు, బూట్లు ఏవీ అని అడిగితే నవ్వి ఊరుకుంటారు. కౌన్సిల్ అజెండాలో బూట్ల కొనుగోలు అనే అంశం కనబడితే అది మందుల కొనుగోలు కన్నా చిన్నదని అనుకోకండి. ఈ కార్మికుల్లో చాలామంది మన సంఘాల వారే, ఆదివారం మన పక్కనే కూర్చునేవారే.

పారిశుద్ధ్యం తరువాత మున్సిపాలిటీతో మన ఆసుపత్రికి రోజూ ఉండే పని జనన మరణాల నమోదు. ఇందులో మీరు పడే తిప్పలు చూస్తుంటాము కనుక వివరంగా చెబుతాము. రాజోలు అమ్మాయి పురిటికి వచ్చి అమలాపురంలో ఆసుపత్రిలో కాన్పు అయితే, బిడ్డ పుట్టుక అమలాపురం రిజిస్టరులోనే నమోదవుతుంది. రాజోలు పంచాయతీకి వెళ్లి అడిగితే లేదంటారు, లేకపోవడమే సరైనది. 1969 నాటి చట్టం ప్రకారం 21 రోజుల్లోగా నమోదు ఉచితం. ఆసుపత్రిలో కాన్పు అయితే తెలియజేయవలసిన బాధ్యత ఆసుపత్రిదే. ఇంటి దగ్గర అయితే ఇంటి పెద్దది. ఆ గడువు దాటితే ఆలస్య రుసుము, నెల దాటితే అధికారి అనుమతి, ఏడాది దాటితే మేజిస్ట్రేటు స్థాయి ఉత్తర్వు. బిడ్డకు పేరు పెట్టకముందే నమోదు చేయించవచ్చు. పేరును ఏడాదిలోగా రుసుము లేకుండా చేర్పించుకోవచ్చు.

2023 అక్టోబరు 1 నుండి చట్టం మారింది. ఆ రోజున గాని ఆ తరువాత గాని పుట్టిన పిల్లలకు బడిలో చేరడానికి, పాస్‌పోర్టుకు, డ్రైవింగు లైసెన్సుకు, ఓటుకు పుట్టిన తేదీ రుజువు జనన ధృవీకరణ పత్రమే. మన దగ్గర నుండి కువైట్, ఖతర్ వెళ్లే ఆడపడుచులు ఎందరో. పేరులో ఒక అక్షరం తేడా వచ్చి, తేదీలో ఒక అంకె తేడా వచ్చి పాస్‌పోర్టు ఆగిపోయిందని కంటతడి పెట్టుకున్నవారిని మేము చూశాము. అందుచేత కాన్పు అయిన రోజున మా గుమాస్తా ఫారం పట్టుకొచ్చినప్పుడు "ఏదో ఒకటి రాసేయండి" అనకండి. తండ్రి పేరు, తల్లి పేరు ఆధార్ చూసి చెప్పండి.

మరణాల నమోదులో ఇంకో సంగతి. చనిపోయిన కారణం డాక్టరు రాసిస్తేనే రిజిస్టరులోకి ఎక్కుతుంది. "వయసు మీదపడి", "గుండె ఆగి" అని రాస్తే ఆ వీధిలో ఏ జబ్బు తిరుగుతోందో ఎవరికీ తెలియదు. గుండె ఆగకుండా ఎవరు చనిపోతారు? ఇది మా వృత్తిలోని వాళ్లకే చెబుతున్న మాట.

ఇక్కడ ఒక పాత జ్ఞాపకం. మన సంఘాలు మున్సిపాలిటీకి అర్జీ పట్టుకొని వెళ్లిన సందర్భాలు లేకపోలేదు. సమాధుల తోటకు దారి కోసం వెళ్లాము, ప్రహరీ గోడ కోసం వెళ్లాము, వాన నీరు నిలుస్తోందని వెళ్లాము. పెద్దలందరూ సంతకాలు పెట్టారు, పని జరిగింది కూడా. బ్రతికి ఉన్నవారి కుళాయి కోసం అంతమంది కలిసి వెళ్లిన సందర్భం మాకు గుర్తు రావడం లేదు.

ఎన్నికైన కౌన్సిల్ ఎప్పుడూ ఉంటుందన్న నమ్మకమూ లేదు. 2014లో ఎన్నికైన పాలకవర్గాల గడువు 2019 జూలైలో ముగిసింది. 2021 మార్చిలో ఎన్నికలు జరిగేదాకా ప్రత్యేకాధికారులే అన్ని తీర్మానాలూ చేశారు. కోవిడ్ మొదటి సంవత్సరం అంతా అలాగే గడిచింది. కౌన్సిలర్ లేనప్పుడు అర్జీ ఎవరికి ఇవ్వాలని అడిగేవారికి సమాధానం ఒకటే. కమిషనర్‌గారి కార్యాలయంలో ఇచ్చి, రసీదు తీసుకోండి. 2019 అక్టోబరు 2 నుండి వార్డు సచివాలయాలు వచ్చాక పారిశుద్ధ్యానికి, సదుపాయాలకు వేరు వేరు కార్యదర్శులను నియమించారు కనుక ముందు అక్కడ అడగడం తేలిక. నీటి పరీక్ష ఫలితాలు కావాలంటే 2005 నాటి సమాచార హక్కు చట్టం ఉంది. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి.

రాజోలు, కొత్తపేట వంటి చోట్ల మున్సిపాలిటీ లేదు, పంచాయతీ ఉంది. అక్కడి వారికి కౌన్సిల్ బదులు గ్రామసభ. 2024 ఆగస్టు 23న రాష్ట్రంలోని 13,326 పంచాయతీల్లో ఒకే రోజు గ్రామసభలు జరిగినప్పుడు ముఖ్యమంత్రి వచ్చింది మన కొత్తపేట మండలం వానపల్లికే. ఆ రోజు జనం బాగానే వచ్చారు. ముఖ్యమంత్రి రాని గ్రామసభలకు ఎంతమంది వెళుతున్నారో మీకే తెలుసు. కౌన్సిల్ సమావేశం కూడా అంతే. అధ్యక్షులు ప్రత్యేకించి బయటికి వెళ్లమంటే తప్ప సామాన్యులు కూర్చొని వినవచ్చు. మాట్లాడే హక్కు ఉండదు, వినే హక్కు ఉంటుంది. పదిమంది తల్లులు వెనుక బల్లల మీద కూర్చొని ఉంటే పటిక టెండరు మీద చర్చ కొంచెం వేరుగా ఉంటుందని మా నమ్మకం.

మాట చెప్పి ఊరుకోవడం సరికాదు కనుక మేము చేయబోయేది కూడా రాస్తున్నాము. ఆ బాబు విషయంలో మొదటి తప్పు మాదే. ఒకే వీధి నుండి ఇంతమంది వస్తున్నారని మేము గమనించలేదు, ఎవరికీ చెప్పలేదు. వ్యాధి నిఘా కార్యక్రమం కింద ఆసుపత్రులు కేసుల లెక్క పంపవలసి ఉంది. పంపుతున్నాము. అందులో సంఖ్య ఉంటుంది గాని ఏ కుళాయి, ఏ వీధి అన్నది మున్సిపల్ ఆఫీసు బల్ల మీదకి చేరడం లేదు. ఇక నుండి విరేచనాలు, టైఫాయిడ్, పచ్చకామెర్లు, డెంగ్యూ కేసులను వీధుల వారీగా, రోగుల పేర్లు లేకుండా, ఒక కాగితం మీద రాసి ప్రతి సోమవారం సంబంధిత మున్సిపాలిటీకో, పంచాయతీకో ఇచ్చి రసీదు తీసుకుంటాము. ఒక వీధి నుండి వారంలో ముగ్గురు వస్తే సోమవారం దాకా ఆగకుండా ఆ రోజే చెబుతాము. క్లోరోస్కోపు ఒకటి మా ల్యాబులో ఉంది. మీ కుళాయి నీటిని మా కార్యకర్త మీ ఇంటికే వచ్చి పరీక్ష చేస్తారు, డబ్బు తీసుకోరు.

ఈలోగా ఇంట్లో చేయవలసినవి మీకు తెలిసినవే. నీళ్లు తెర్లేదాకా కాచి, అదే గిన్నెలో మూత పెట్టి ఉంచండి. వేరే బిందెలో పోస్తే ఆ బిందెను కూడా కాచిన నీళ్లతోనే కడగండి. పిల్లలకు విరేచనాలు మొదలైతే ఓఆర్ఎస్ వెంటనే మొదలుపెట్టండి. ప్యాకెట్టు లేకపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలపండి. చెంచాలు గోపురంలా కాక సమంగా ఉండాలి. తల్లిపాలు మానవద్దు, అన్నం మానవద్దు. జింకు మాత్రలు 14 రోజులూ వేయండి, తగ్గిందని మధ్యలో ఆపకండి. రక్తం పడినా, బిడ్డ మగతగా ఉన్నా, మూత్రం రాకపోయినా తెల్లవారేదాకా చూడకుండా తీసుకురండి.

ఇంకొక చిన్న మనవి. ఓపీ చీటీ రాయించుకునేటప్పుడు చాలామంది ఊరి పేరు చెప్పి ఊరుకుంటున్నారు. మా గుమాస్తా కూడా అంతకంటే అడగడం లేదు. ఇకపై అడుగుతారు. ఊరి పేరుతో పాటు వీధి పేరు, తాగే నీరు కుళాయిదా, బోరుదా, క్యానుదా కూడా చెప్పి రాయించండి.